కోటమ్మ నాకు నేర్పిన చట్టం

ఆడవాళ్లను అదుపులోకి తీసుకోవాలంటే వెంట ఆడ పోలీసు ఉండాలి. ముప్పై రెండేళ్ల నా ఉద్యోగంలో సగం ఈ ఒక్క నియమం మీదే నడిచింది. లాడ్జి మీద దాడికి జీపు బయలుదేరే ముందు "పద్మావతిని పిలవండి" అనేవాళ్లు. నేను వెళ్లి వెనక సీట్లో కూర్చునేదాన్ని. ఎక్కడికని అడిగేదాన్ని కాదు. ఎందుకని అసలే అడిగేదాన్ని కాదు.

కానిస్టేబుల్‌గా చేరి ఏఎస్సైగా రిటైరయ్యాను. ఆ మెట్లు ఎలా ఎక్కానో చెబితే ఎవరికీ ఉపయోగం లేదు. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న అమ్మాయిలకు ట్రైనింగులో ఎవరూ చెప్పని సంగతి చెబుదామని ఇది రాస్తున్నాను. నెల్లూరు నుంచి కావలి దాకా జాతీయ రహదారి పక్కనున్న స్టేషన్లలో చాలాకాలం చేశాను. ఏది ఏ స్టేషన్లో జరిగిందో, ఎస్సైలు ఎవరో రాయను. మనుషుల పేర్లు మార్చాను. కోటమ్మ పేరూ మారుస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "నా పేరు నాకు బాగానే ఉండాది మేడమ్, కోటమ్మ అనే రాయి" అంది.

ఫొటో

కోటమ్మను మొదటిసారి చూసింది ఒక లాడ్జిలో, మిట్టమధ్యాహ్నం. నలుగురు ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు దొరికారు. స్టేషన్‌కి తెచ్చాక మగవాళ్లలో ఇద్దరు ఎవరెవరికో ఫోన్లు చేసుకుని వెనక గేటు నుంచి వెళ్లిపోయారు. ఆడవాళ్లను మాత్రం మరుసటి రోజు పొద్దున విలేకరుల ముందు వరసగా నిలబెట్టాం.

నలుగురూ మొహం మీదికి కొంగు లాక్కున్నారు. ఫొటోగ్రాఫర్ ఎస్సై వైపు చూశాడు. ఎస్సై నా వైపు చూశాడు. గడ్డం కొద్దిగా పైకెత్తాడు, అంతే. నేను చివర నిలబడ్డ మనిషి కొంగు పట్టుకుని కిందికి లాగాను. ఆమె నన్ను తోయలేదు, తిట్టలేదు. నా మొహంలోకి చూసింది. కెమెరా మెరిసింది.

ఆ మనిషే కోటమ్మ. అప్పటికి ముప్పై ఐదేళ్లుంటాయి. సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్లుండే ఒక పట్టపుపాళెంలో పుట్టింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసి, వేళ్లు పుళ్లు పడి, ఆ పని వదిలేసి ఇందులోకి వచ్చింది. ఇవన్నీ తర్వాత తెలిశాయి. ఆ రోజు నాకు ఆమె ఒక 'కేసు'. మా స్టేషన్లో ఆ ఆడవాళ్లను అలాగే పిలిచేవాళ్లం, "ఈరోజు ఎన్ని కేసులు?" అని.

మరుసటి రోజు పేపర్లో ఫొటో వచ్చింది. నెల తర్వాత కోర్టు వాయిదాకు వచ్చినప్పుడు, ఏం జరిగిందో కోటమ్మ ఒక్కొక్కటే చెప్పింది. అద్దెకున్న ఇంటివాళ్లు సామాను వీధిలో పెట్టారు. అన్న వచ్చి, పాళెంలో అడుగుపెడితే కాళ్లు విరగ్గొడతానన్నాడు. హాస్టల్లో ఉండి చదువుకునే కూతురు నెలరోజులు అన్నం సరిగా తినలేదు. ఇదంతా చెప్పి, "ఫొటో మాత్రం బాగా వచ్చింది మేడమ్" అంది.

ఎగతాళో బాధో నాకు అర్థం కాలేదు. కోపం తెచ్చుకుని లోపలికి వెళ్లిపోయాను. తప్పు చేసినవాళ్లకు మొదట వచ్చేది కోపమేనని అప్పుడు నాకు తెలియదు.

అమ్మాయిలూ, ఆ మాట సూటిగా చెప్తాను. మొహం చూపించమని ఏ చట్టంలోనూ లేదు. రాతలో ఆర్డరు లేదు. ఒక గడ్డం పైకి లేచింది, నా చెయ్యి దానికి కదిలింది. నేను కదలకుండా నిలబడి ఉంటే ఆయన నన్నేం చేసేవాడు? ఇంకో స్టేషన్‌కి పంపేవాడు. అంతకంటే ఏమీ జరిగేది కాదు. ఇది తట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఏ సెక్షన్?

ఆ తర్వాత కోటమ్మ పాళెం వెళ్లలేదు, ఎక్కడికీ పారిపోలేదు. బైపాస్ దగ్గర ఆటోస్టాండు వెనక ఒక రేకుల గది అద్దెకు తీసుకుంది. సుఖవ్యాధుల గురించి చెప్పడానికి, కండోములు ఇవ్వడానికి వచ్చే ఆరోగ్య కార్యకర్త చుట్టూ అంతకుముందు పదిమంది చేరేవాళ్లు. వాళ్లను కోటమ్మ ఒక సంఘంగా చేసింది. ఒక ఫోన్ నంబరు పెట్టుకున్నారు. దాన్ని కాగితం మీద రాసుకోకూడదు, నోటికి రావాలి. ఎవరిని పోలీసులు పట్టుకున్నా, ఎవరిని ఎవడు కొట్టినా ఆ నంబరుకు ఒక్క మాట చెబితే చాలు, ఎక్కడెక్కడి వాళ్లూ వచ్చేవాళ్లు.

వచ్చి గొడవ చేస్తే మాకు సులువుగా ఉండేది. వాళ్లు గొడవ చేసేవాళ్లు కాదు. పదిమంది వచ్చి చెప్పులు బయట విడిచి, గోడ పక్కన నిలబడేవాళ్లు. కోటమ్మ ఒక్కటే ముందుకొచ్చి అడిగేది.

"ఏ సెక్షన్ సార్?"

మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆమె చదివింది ఐదో తరగతి. నేను డిగ్రీ. "ఏమ్మే, లాయరువా నువ్వు?" అన్నాను.

"కాదు మేడమ్. ఏ సెక్షనో చెబితే మా లాయరమ్మకు ఫోన్లో చెప్పాల."

స్టేషన్లో రాతపని చూసే రైటర్ రిజిస్టరు తిరగేశాడు. నిజానికి ఆ రోజు తెచ్చిన మనిషి బస్టాండులో టీ తాగుతూ కూర్చుంది, అంతే. ఆ సాయంత్రం నేను ఇంటికెళ్లి, ట్రైనింగులో ఇచ్చిన పుస్తకం వెతికి, వ్యభిచారం కేసుల చట్టం మొదటి నుంచి చివరిదాకా చదివాను. అప్పటికి ఉద్యోగంలో పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఆ చట్టం కింద ఎంతమందిని జీపెక్కించానో లెక్కలేదు. చదవడం అదే మొదటిసారి.

వయసొచ్చిన మనిషి తన ఇష్టంతో ఈ పని చేస్తుందన్న ఒక్క కారణంతో ఆమెను పట్టుకోమని చట్టం ఎక్కడా అనలేదు. ఆమెను పెట్టి ఇల్లు నడిపేవాడిని, బలవంతంగా దించేవాడిని, పసిపిల్లలను తెచ్చేవాడిని పట్టుకోమంది. బహిరంగ స్థలంలో పిలిస్తే దానికి వేరే సెక్షన్ ఉంది. మేము ఇన్నేళ్లూ దొరికినవాళ్లను పట్టుకున్నాం. పట్టుకోవలసినవాళ్లు వెనక గేటు నుంచి వెళ్లారు.

ఆ రోజు పొద్దున

ఒక వేసవి పొద్దున తొమ్మిది గంటలకు కోటమ్మ, ఇంకో ముగ్గురు కలిసి ఒక మనిషిని నడిపించుకుంటూ స్టేషన్‌కి వచ్చారు. ఆమెను మల్లిక అందాం. ఇరవై ఆరేళ్లు. చీర బురద పట్టి ఎండిపోయి ఉంది. పెదవి చీలింది. నిలబడలేకపోతోంది.

జరిగింది ఇది. ముందు రోజు సాయంత్రం ఒక మనిషి కారులో వచ్చి ఆమెతో మాట్లాడుకున్నాడు. ఆమె ఎక్కడం కోటమ్మా, మరో ఇద్దరూ చూశారు. కారులో ఒక్కడే ఉన్నాడు. రొయ్యల గుంటల దగ్గర షెడ్డులో ఇంకో ఇద్దరు ఉన్నారు. ఆమె వద్దంది. వాళ్లు వినలేదు. తర్వాత గుంట గట్టు మీద వదిలేసి పోయారు. తెల్లవారాక ఆమె సంఘం నంబరుకు ఫోన్ చేసింది.

ఎస్సై అంతా విన్నాడు. నవ్వాడు.

"ఆ పని చేసేదానికి అత్యాచారమేంది? ఇచ్చేకాడ తేడా వచ్చిందా?"

నేను రైటర్ పక్కనే కూర్చున్నాను. చేతిలో పెన్ను ఉంది. టేబుల్ మీద పెట్టేశాను. నా ఉద్యోగంలో రెండో పెద్ద తప్పు అది.

వాళ్లు బయటికి వెళ్లి స్టేషన్ ఎదురుగా నేల మీద కూర్చున్నారు. ఎండ ఎక్కుతోంది. పదిన్నరకు ఇరవైమంది అయ్యారు. పన్నెండు కొట్టేసరికి ఎంతమందో చూడడానికి నేను మెట్ల మీదికి రావలసి వచ్చింది. కావలి నుంచి, కొడవలూరు నుంచి ఆటోల్లో వచ్చారు. తడ నుంచి బస్సులో వచ్చారు. బిట్రగుంటలో రైలు దిగి వచ్చారు. ముసలివాళ్లున్నారు. చంకలో బిడ్డతో ఒకామె ఉంది. చాలామంది మొహాలకు కొంగు చుట్టుకుని కళ్లు మాత్రమే బయటపెట్టారు. రోడ్డున పోయేవాళ్లు బండ్లు ఆపి ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. అయినా ఒక్కరూ లేచి పోలేదు. అరవలేదు. మల్లికను మధ్యలో పడుకోబెట్టి, చుట్టూ దగ్గరగా కూర్చుని, వాళ్ల ఒంటి నీడ ఆమె మీద పడేట్టు చేశారు.

ఉద్యోగంలో ఎన్నో బందోబస్తులు చేశాను. మంత్రుల సభలు, తిరునాళ్లు, సమ్మెలు అన్నీ చూశాను. అరవకుండా, కదలకుండా కూర్చున్న ఇలాంటి గుంపును చూడడం అదే మొదలు, అదే ఆఖరు. వీళ్లలో ప్రతి ఒక్కరికీ దాచుకోవలసిన ఇల్లు ఉంది, పిల్లలున్నారు, అత్తలున్నారు. ఒక మనిషి కోసం అదంతా పట్టుకొచ్చి నడిరోడ్డు పక్కన పెట్టారు.

ఎస్సై నన్ను పిలిచి, "నువ్వు ఆడదానివి, నచ్చజెప్పి పంపించు" అన్నాడు. వెళ్లాను.

"కోటమ్మా, ముందు ఆస్పత్రికి తీసుకుపో. ఇక్కడ కూర్చుంటే ఏమొస్తుంది?"

"రాసుకుంటే పోతాం మేడమ్."

"సార్ రాయనంటున్నాడు కదా."

ఆమె నన్ను ఒక క్షణం చూసింది. "నీకు రాయడం రాదా?"

వెక్కిరింపుగా అనలేదు. నిజంగా అడిగింది. నేను వెనక్కి తిరిగి స్టేషన్ మెట్లెక్కాను.

రెండు గంటలకు ఎస్సై బందోబస్తు పని ఉందని జీపెక్కి వెళ్లిపోయాడు. ఆయన లేనప్పుడు స్టేషన్లో ఉన్నవాళ్లలో పెద్ద హోదా ఎవరిదైతే, చట్టం ప్రకారం స్టేషన్ బాధ్యత వాళ్లదే. ఆ మధ్యాహ్నం అది నాది. నేను హెడ్ కానిస్టేబుల్‌ని. లోపలికి వెళ్లి ఎఫ్ఐఆర్ పుస్తకం తీశాను. రైటర్ నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఆలోచించుకో" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నా మేలే కోరాడు. "ఆలోచించుకునే తీశాను" అన్నాను. అబద్ధం. ఆలోచించి ఉంటే తీసేదాన్ని కాదు.

మల్లికను లోపలికి తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను.

"ఒకడికి ఒప్పుకున్నాను మేడమ్. ముగ్గురికి ఒప్పుకోలేదు. వద్దని మూడుసార్లు చెప్పినాను. అది కూడా రాయండి, మూడుసార్లు చెప్పినాను."

రాశాను. నేనే వెంట ఉండి ఆస్పత్రికి తీసుకెళ్లాను. వారం తిరక్కముందే నాకు బదిలీ వచ్చింది, చాలా దూరం. దర్యాప్తు పైనుంచి ఒక మహిళా ఆఫీసరుకు వెళ్లింది. ఆమె గట్టి మనిషి, ముగ్గురినీ పట్టుకుంది.

గోడ మీద కాగితాలు

కేసు విచారణకు రావడానికి మూడేళ్లు పట్టింది. వాయిదా మీద వాయిదా. ముద్దాయిల వైపు పలుకుబడి ఉంది. రాజీ కోసం మనుషులు వచ్చి వెళ్లారు. సంఘం కూడే గదికి దాని యజమాని తాళం వేసుకున్నాడు. అప్పటి నుంచి వాళ్ల మీటింగులు సముద్రం ఒడ్డున ఇసకలో జరిగేవని విన్నాను.

కోర్టులో చెప్పడానికి సాక్షి కావాలి. మల్లిక కారెక్కినప్పుడు అందులో ఒక్కడే ఉన్నాడని చూసినవాళ్లు ముగ్గురు. చూశానని చెప్పాలంటే, ఆ సమయంలో అక్కడ ఎందుకు నిలబడ్డావో కూడా చెప్పాలి. మిగతా ఇద్దరికీ ఇళ్లున్నాయి, ఆ ఇళ్లలో ఎవరికీ ఏమీ తెలియదు. కోటమ్మ వాళ్లతో అన్న మాట మల్లిక నాకు చెప్పింది.

"మీరు ఊరుకోండి. నా మొహం ఎటూ జిల్లా అంతా చూసింది గదా. ఇంక నాకు భయమేంది? నేను చెబుతా."

ఆ మాట విన్న రోజు నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. నేను లాగిన కొంగును ఆమె ఇలా వాడుకుంది.

సాక్ష్యం వారం ఉందనగా ఎవరో ఆ పాత పేపర్ ఫొటోను జిరాక్స్ తీయించి, ఆమె ఉండే వీధిలో, కూతురు చదివే కాలేజీ గోడ మీద అంటించారు. కింద ఒక బూతు మాట, దాని పక్కన ఆమె పేరు. పేరు 'కాటమ్మ' అని తప్పు పడింది. కోటమ్మ పొద్దున్నే ఒక స్కెచ్ పెన్ను కొనుక్కుని బయలుదేరింది. ఒక్క కాగితం కూడా చింపలేదు. బూతు మాట కొట్టేసి, పేరు దిద్ది, కింద సంఘం ఫోన్ నంబరు రాసింది. "మిమ్మల్ని ఎవరైనా కొడితే ఈ నంబరుకు చెప్పండి" అని కూతురు చేత అందంగా రాయించింది. ఆ పిల్ల అప్పటికి డిగ్రీ చదువుతోంది. అమ్మ వెంట నడిచి, గోడ గోడకూ ఆగి తనే రాసింది.

ఆ నంబరుకు ఫోన్లు వచ్చాయి. తిట్టడానికి చేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల మధ్యలో ఇద్దరు ఆడవాళ్లు కూడా చేశారు. ఒకామె ఈ పనిలో మనిషే కాదు, మొగుడు కొడుతున్నాడని చేసింది. కోటమ్మ ఆమె దగ్గరకూ వెళ్లింది.

బోనులో

ఎఫ్ఐఆర్ రాసిన మనిషిని కాబట్టి నేనూ సాక్షినే. ఫిర్యాదీ తొమ్మిదింటికి వచ్చిందా, రెండింటికి వచ్చిందా అన్నది పెద్ద ప్రశ్న అవుతుందని సర్కారు వకీలు ముందే చెప్పాడు. తొమ్మిదింటికి వస్తే రెండు దాటేదాకా ఎందుకు రాయలేదు? ఆ ఆలస్యం పట్టుకుని కథ అల్లారంటారు. డిపార్ట్‌మెంటులో ఒక పెద్దాయన నన్ను పిలిచి కాఫీ తెప్పించి, "రెండింటికే వచ్చిందని చెప్పు పద్మావతీ. కేసూ నిలబడుతుంది, మన పరువూ నిలబడుతుంది" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. నాకు రిటైర్మెంటు ఎంతో దూరం లేదు.

ఇలాంటి కేసుల్లో విచారణ మూసిన తలుపుల వెనక జరుగుతుంది. మిగతావాళ్లు వరండాలో ఉండాలి. ఆ రోజు వరండా నిండా సంఘం ఆడవాళ్లే. మూడేళ్లలో ఒక్క వాయిదాకు కూడా మల్లిక ఆ మెట్లు ఒంటరిగా ఎక్కలేదు. పని మానుకుని, వంతులు వేసుకుని, ఎవరో ఒకరు వచ్చారు. కోర్టు బంట్రోతు కూడా వాళ్లను పేరుపెట్టి పలకరించేవాడు.

అక్కడే కోటమ్మ పక్కన కూర్చుని, చివరికి ఆ మాట అన్నాను.

"ఆ రోజు నీ కొంగు లాగాను. తప్పు చేశాను కోటమ్మా."

"నేను మరిచిపోలేదు మేడమ్. నువ్వు కూడా మరిచిపోబాక" అంది. క్షమించానని అనలేదు. ఆ మాట ఇప్పటికీ అనలేదు. అనమని అడిగే హక్కు నాకు లేదు.

ముందు ఆమెను పిలిచారు. లోపల జరిగింది తర్వాత సర్కారు వకీలు చెప్పాడు. అవతలి లాయరు, "నువ్వు ఏం పని చేస్తావో చెప్పు" అన్నాడట.

"ఈ పనే చేస్తాను సార్."

"అంటే డబ్బిస్తే ఏదైనా చేస్తావు. సాక్ష్యం కూడా చెబుతావు."

"డబ్బు తీసుకుని చేసే పని ఏదో చెప్పినాను గదా సార్. అది దాచలేదు. సాక్ష్యం ఆ పని కాదు."

జడ్జిగారు ఆ మాటను అట్లాగే రాయించారట.

తర్వాత నా వంతు. "ఫిర్యాదీ స్టేషన్‌కి ఎన్నింటికి వచ్చింది?" అని అడిగాడు లాయరు. ఐదో తరగతి చదివిన మనిషి ఇప్పుడే ఈ బోను దిగి వెళ్లింది. తన దగ్గర దాచుకోవడానికి మిగిలినదంతా ఇక్కడ పెట్టి వెళ్లింది. నా దగ్గర ఉన్నది ఒక యూనిఫాం.

"తొమ్మిదింటికి వచ్చింది. మేము రాసుకోలేదు. నేను కూడా రాసుకోలేదు. ఆలస్యం వాళ్లది కాదు, మాది."

ముగ్గురిలో ఇద్దరికి శిక్ష పడింది. ఒకడు సంశయ లాభం కింద బయటపడ్డాడు. పై కోర్టులో అప్పీలు నడుస్తోంది. పూర్తి గెలుపు అని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. ఆలస్యానికి కారణం మేమేనని తేలిపోయాక ఇక కథ అల్లారన్న వాదన నిలవలేదని సర్కారు వకీలు అన్నాడు. నాకు డిపార్ట్‌మెంటులో ఆ తర్వాత ఎవరూ కాఫీ తెప్పించలేదు. మల్లిక ఇప్పుడేం చేస్తుందని అడుగుతారు. రాయను. ఏం చేసినా ఆమె ఇష్టం.

మీతో చెప్పవలసినవి

జీపెక్కే ముందు ఏ సెక్షన్ అని అడగండి. ఆ ప్రశ్న వాళ్లు అడిగేదాకా ఆగకండి. పసిపిల్ల కనిపిస్తే, బలవంతంగా తెచ్చిన మనిషి కనిపిస్తే ఒక్క క్షణం ఆగొద్దు. అలాంటివాళ్ల జాడ ముందు తెలిసేది కూడా ఈ సంఘం ఆడవాళ్లకే. మమ్మల్ని నమ్మిన తర్వాత వాళ్లే రెండుసార్లు వచ్చి చెప్పారు. మా ఇన్‌ఫార్మర్లు ఎవరూ చెప్పలేదు. "ఎందుకు ఈ పనిలోకి వచ్చావు" అని మాత్రం అడగకండి. నేను ఒకసారి అడిగాను. "నువ్వు పోలీసులోకి ఎందుకొచ్చినావు మేడమ్?" అంది కోటమ్మ. ఇల్లు గడవాలని వచ్చాను. ఆ మాటే చెప్పాను. "ఆఁ, అదే" అంది.

ఆఖరి ఏడాది నన్ను ఒక స్టేషన్లో రిసెప్షన్ టేబుల్ దగ్గర వేశారు. ఒక పొద్దున పదకొండు గంటలకు, నేను ఎన్నడూ చూడని ఒకామె తిన్నగా లోపలికి వచ్చింది. వెంట సంఘం లేదు, కోటమ్మ లేదు, ఎవరూ లేరు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా ఫోన్ లాక్కొని పోయినాడు మేడమ్. పనికి పిలిచినోడే. బండి నంబరు చూసినాను, రాసుకోండి."

ఒంటి మీద దెబ్బలున్నాయా అని చూశాను. ఏమీ లేవు. నా నోటికి పాత మాట రానే వచ్చింది. "ఫోన్ కోసమేనా?"

"ఏం మేడమ్, చచ్చేంత దెబ్బ తగిలితేనే రావాల్నా?"

కాగితం ముందుకు జరుపుకున్నాను. పేరు చెప్పింది, ఊరు చెప్పింది. వృత్తి దగ్గర నేను ఆగితే, "అదే రాయండి, అబద్ధం ఎందుకు" అంది.

ఫోన్ మూడో రోజు దొరికింది. వచ్చి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, అద్దం మీద ఈ గీత ముందు లేదని నాతో పావుగంట పోట్లాడి వెళ్లిపోయింది.